రెండో చుక్క

ఆ ఇంటి పెద్దకోడలికి పిల్లలు లేరన్న దిగులు ఆమెకన్నా వీధిలోవాళ్లకే ఎక్కువ. ఏడ్చేది ఆమె ఒక్కతే, సలహాలిచ్చేది వీధి వీధంతా. మొగుడు మంచివాడే. కాకపోతే సూదులు పెళ్లానికి పొడిస్తే కళ్లు తిరిగేది ఆయనకి. అందుకే ఆ మధ్యాహ్నం ఆయన్ని ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, అత్తగారే తోడుగా లోపలికొచ్చింది.

ఇంత టెస్ట్‌ట్యూబు వైద్యానికీ చివరికి ల్యాబులో మిగిలినవి రెండే పిండాలు. ఒకటి గుండ్రంగా, పొందిగ్గా ఎదిగింది. రెండోది ముక్కలుముక్కలై ఎదుగుదల ఆగిపోయింది.

"రెండూ కడుపులో వేసెయ్యండి డాక్టరుగారూ. ఇదే ఆఖరు. ఇంక నావల్ల కాదు," అంది పెద్దకోడలు.

"ఒక్కటే మంచిదమ్మా. కవలలైతే నీకూ వాళ్లకీ ప్రమాదం. అయినా ఆ రెండోది పనికిరాదు. నాణ్యత లేదు. పొద్దున్నే పారేశాం."

"పనికిరాకపోయినా నాదేగా!"

"నా కొడుకులో ఏం నాణ్యత చూసి పిల్లనిచ్చారు? కాపురం చెయ్యట్లేదూ?" అంది అత్తగారు.

గదిలో దీపాలు తగ్గించారు. సెంటు, పౌడరు కూడా రాసుకోకూడదన్న గది అది. ఏ వాసనా లేదు. స్కాను తెర బూడిదరంగులో వణుకుతోంది. డాక్టరమ్మ పిండం ఎక్కించిన సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చింది. తెరమీద తెల్లటి చుక్క ఒకటి జారింది.

ఎక్కడినుంచో పచ్చిపాల వాసన...

గొట్టం ఖాళీ అయిందో లేదో సూక్ష్మదర్శినిలో చూడ్డం ల్యాబు అమ్మాయి పని. కాసేపటికి ల్యాబు కిటికీలోంచి ఆమె గొంతు సన్నగా వినిపించింది.

"డాక్టరుగారూ... పిండం గొట్టంలోనే ఉండిపోయింది."

"అప్పుడప్పుడు అంతే. మళ్లీ ఎక్కించు."

"మరి ఆ చుక్క?" గొణిగింది పెద్దకోడలు.

"గాలిబుడగమ్మా."

మళ్లీ వేశారు. మొదటి చుక్కకి కాస్త దూరంలో ఇంకో చుక్క.

"ఇప్పుడు ఖాళీ అండీ," అంది ల్యాబు అమ్మాయి.

డాక్టరమ్మ అటు తిరిగి చేతితొడుగులు తీస్తోంది. తెరమీద మొదటి చుక్క కదిలింది. మెల్లగా... రెండోదాని పక్కకి... ఆగింది.

ఇప్పుడు రెండూ కలిసి ఒక్కటే చుక్క.

అరిస్తే అంతా కడిగేస్తారు. ఆఖరుసారి కూడా పోతుంది. పెద్దకోడలు పెదవి కొరుక్కుంది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా."

కడుపు నిలిచింది. కొన్ని వారాలకి అదే గదిలో స్కాను. గుండె చప్పుడు గదంతా నిండింది. అత్తగారు కళ్లు తుడుచుకుంది.

"చూశావా," అంది డాక్టరమ్మ, "నాణ్యమైనది ఒక్కటి చాలు. ఆ పనికిరానిది వేసుంటే..."

చప్పుడు ఆగిపోయింది.

డాక్టరమ్మ మాట మింగేసింది. యంత్రం అటూ ఇటూ జరిపింది. చప్పుడు మళ్లీ మొదలైంది.

"ఏంటిది? ఆ రెండోదానిలా ఇదీ..."

చప్పుడు మళ్లీ ఆగింది. పచ్చిపాల వాసన గుప్పుమంది.

పెద్దకోడలు డాక్టరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతా... దాని ఊసెత్తకండి."

"ఎందుకమ్మా?"

"వింటోంది..."

ముగ్గురూ నోరు మూసుకున్నారు. అత్తగారు కూడా.

అప్పుడు మొదలైంది చప్పుడు.