ఇన్-తఫోక్ బావి దగ్గర పచ్చదీపం

తమన్రాసెత్ ఊరు దాటి ఉత్తరానికి పోయే మట్టిదారిలో ఇన్-తఫోక్ అని ఒక చోటు ఉంది. ఎండిపోయిన వాగు. వాగు ఒడ్డున కప్పు ఎగిరిపోయిన పంపుగది. గది మధ్యలో ఎవరూ వాడని బావి. పగలు చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు. మేకలు ఆ గోడల నీడన పడుకుని నెమరేసుకుంటుంటాయి.

కానీ పొద్దు వాలాక అక్కడ బండి ఆపే మొనగాడు లేడు.

అక్కడ ఎసూఫ్ వాళ్ళు ఉంటారని చెప్పుకుంటారు... మనుషుల్లేని చోట కాపురముండే వాళ్ళు. పేరు పెట్టి పిలుస్తారట. పలికావా, అయిపోయావే. ఒక లారీ డ్రైవరు అలాగే పలికి, కిందికి దిగి, తెల్లవార్లూ తన లారీ చుట్టూ తానే తిరిగాడట. పొద్దున ఎవరో పట్టుకుని ఆపితే, "ఇంకా ఎంత దూరం?" అని అడిగాడట.

అగాలి ఈ కథలన్నీ వింటూ పెరిగినవాడే. చిన్నప్పుడు అటు పోవాల్సి వస్తే అన్న వీపు వెనక నక్కేవాడు. కానీ నేను చెప్పబోయే సాయంత్రం నాటికి, భయం ఎలా ఉంటుందో కూడా అతనికి గుర్తులేదు.

వాళ్ళన్న బద్దీ ఆ చలికాలంలోనే కిడ్నీలు పాడై చనిపోయాడు. అన్నదమ్ములిద్దరూ పెళ్ళిళ్ళకీ బారసాలలకీ గిటారు వాయించేవాళ్ళు. శ్రుతి చేసుకోవడం మాత్రం ఎప్పుడూ ఇద్దరూ కలిసి చేసే పని. బద్దీ కళ్ళు మూసుకుని గొంతులో సన్నగా స్వరం పట్టేవాడు, అగాలి బిరడా తిప్పేవాడు. "ఇంకాస్త... ఇంకాస్త... ఆఁ, చాల్రా."

అన్నని మట్టిలో పెట్టిన రోజు అగాలి ఏడవలేదు. గుండె గట్టివాడని అందరూ మెచ్చుకున్నారు. గట్టితనం కాదది. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో, ఒళ్ళంతా అలా అయిపోయింది. టీ తాగితే తీపో చేదో తెలిసేది కాదు. తీగ మీటితే దిగి ఉందో ఎక్కి ఉందో తెలిసేది కాదు.

ఒక బారసాలలో అలాగే వాయించేశాడు. పాట సగంలోనే చప్పట్లు ఆగిపోయాయి. మేనత్త ఘైషా లేచి, అందరూ వినేలా అనేసింది. "ఏరా, గిటారు వాయిస్తున్నావా, ఒంటెకి వాతలు పెడుతున్నావా?"

అందరూ నవ్వారు. అగాలికి సిగ్గు కూడా వేయలేదు. అదే ఘైషాని భయపెట్టింది. మర్నాడు కొడుకు ఉఖాని పిలిచి చెప్పింది. "వాడికి చెవి పోయింది. చెవి కొనిపెట్టు. వచ్చే పెళ్ళిలో కూడా ఇలా చేశాడంటే వాణ్ణి ఇంకెవరూ పిలవరు. పిలవకపోతే వాడు ఇంట్లోంచి కదలడు. కదలకపోతే..." అని ఆగిపోయింది.

ఉఖా అగాలిని బజారులో సలేక్ కొట్టుకి లాక్కుపోయాడు. ఫోన్లు, తీగలు, స్పీకర్లు అమ్మే కొట్టు.

"శ్రుతి చూసే మిషను కావాలి" అన్నాడు ఉఖా. "మా బావకి. చెవుల్లో ఇసుక పడింది."

సలేక్ అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "దీనికి మైకు ఉంది. గాల్లో వచ్చే శబ్దం వింటుంది. ఏదీ, ఓ తీగ మీటు."

అగాలి మీటాడు. పెట్టెలో ముల్లు ఊగింది. అదే సమయానికి బయట జనరేటరు మొదలైంది. ముల్లు అటు దూకింది. ఎవరిదో మేక అరిచింది. ముల్లు మేక వైపు పోయింది.

"ఓరి దీని దుంపతెగ" అన్నాడు ఉఖా. "ఇది మేకని కూడా శ్రుతి చేస్తుందే!"

"ఇంట్లో ఒక్కడే కూచుని వాయించుకునేవాడికి అది చాలు. ఫోన్లో వేసుకునేదీ అంతే, చుట్టూ గోల ఉంటే దానికి పిచ్చెక్కుతుంది. కాలితో నొక్కేది ఇంకోటుంది. అది వైరు గుచ్చే గిటారుకే. నీది చెక్క గిటారు..." సలేక్ ఒక చిన్న క్లిప్పు తీశాడు. బట్టల దండెం మీద పెట్టే క్లిప్పులా ఉంది, నెత్తిన బొటనవేలి గోరంత అద్దం. "నీకు ఇదీ కావాల్సింది. దీనికి చెవి లేదు."

"చెవి లేనిది వింటుందా?"

"వినదు. పట్టుకుంటుంది. బిరడాల దగ్గర తగిలించు. చెక్కలో వణుకు పుడితే దానికి తెలుస్తుంది. పక్కన పెళ్ళి కాదు, యుద్ధం జరుగుతున్నా దానికి పట్టదు."

అగాలి తగిలించాడు. లావు తీగ మీటాడు. అద్దంలో అక్షరం వెలిగింది, ముల్లు ఎడమకి వాలింది. "ఎడమకి ఉంటే దిగినట్టు, బిగించు. కుడికి పోతే ఎక్కినట్టు. ఎప్పుడూ కింది నుంచి పైకే రా. దాటిపోతే బాగా వదిలేసి మళ్ళీ బిగించు, లేకపోతే తీగ నిలవదు. ముల్లు నిటారుగా నిలబడి పచ్చదీపం వెలిగితే సరిపోయినట్టు. ఈ పక్క బటన్ మాత్రం ముట్టుకోకు. కొలత మారిపోతుంది, నీ గిటారు ఒక దారి, మిగతావాళ్ళది ఒక దారి."

అగాలి బిరడా తిప్పాడు. పచ్చగా వెలిగింది.

"సరిపోయిందా?" అన్నాడు ఉఖా ఆశగా.

"సరిపోయిందంటోంది" అన్నాడు అగాలి. అతనికేమీ తేడా తెలియలేదు.

* * *

పెళ్ళి నాడు ఇద్దరూ ఉఖా పికప్ ట్రక్కులో బయల్దేరారు. సరిగ్గా వాగు దాటుతుంటే ముందు టైరు పేలింది. సరిగ్గా ఇన్-తఫోక్ దగ్గర. సరిగ్గా పొద్దు కొండల వెనక్కి పోతున్న వేళ.

ఉఖా దిగి, టైరు చూసి, పంపుగది చూసి, ఆకాశం చూశాడు. "బిస్మిల్లా... ఇంకెక్కడా చోటు దొరకలేదే దీనికి?"

"మార్చు. నేను సాయం పడతాను."

"నువ్వు పడే సాయం నాకు తెలుసు. జాకీ కింద చెయ్యి పెట్టి, నలిగిందని కూడా చెప్పవు. పో, అక్కడ కూచో. ఎవరైనా పిలిస్తే పలక్కు!"

గాలి లేచింది. ఇసుక సన్నగా పాకుతోంది. అగాలి గిటారు తీసుకుని పంపుగది గోడల మధ్యకి వెళ్ళాడు. ఎండ పోగానే చలి దిగింది. చలికి తీగలు జరిగి ఉంటాయి. చేయడానికి వేరే పనేమీ లేదు కాబట్టి క్లిప్పు తగిలించి, ఒక్కొక్క తీగా సరిచేశాడు. పచ్చ. పచ్చ. పచ్చ.

బావిలోంచి పాత ఇనుప పైపు ఒకటి గదిలోకి పొడుచుకొచ్చి ఉంది. గిటారు మెడని ఆ పైపుకి ఆనించి, చేతులు చంకల్లో పెట్టుకుని కూచున్నాడు.

గాలి గోడ సందుల్లో ఈల వేస్తోంది. బయట జాకీ కిర్రుమంటోంది. ఇంకేమీ వినబడటం లేదు.

అద్దం వెలిగింది.

అగాలి చూశాడు. గిటారుని ఎవరూ ముట్టుకోలేదు. అద్దం ఆరిపోయింది... మళ్ళీ వెలిగింది. ముల్లు వణికింది. ఆరింది. వెలిగింది.

వేరేవాడైతే లేచి పరుగెత్తేవాడే. అగాలి అలాగే కూచుని చూశాడు, వేరేవాళ్ళ ఇంట్లో టీవీ చూసినట్టు. గాలి జోరుగా వీస్తే ఆరి ఉంటోంది. గాలి ఆగితే వెలుగుతోంది. అంటే గాలి కాదు.

చెక్కలో వణుకు పుడితేనే దానికి తెలుస్తుంది. చెక్క పైపుకి ఆని ఉంది. పైపు బావిలోకి పోయింది.

అతను తలపాగా ఒక పక్కకి తొలగించి చెవిని ఇనుముకి ఆనించాడు.

ఠక్... ఠక్... ఠక్.

కింద. చాలా కింద.

"ఉఖా" అన్నాడు. గొంతు పెంచలేదు. "తాడు తీసుకురా."

అప్పుడే టైరు మార్చడం ముగించిన ఉఖా వచ్చి, చెవి పెట్టి విని, రెండడుగులు వెనక్కి వేశాడు. "బావా... వద్దు. అది వాళ్ళ పనే. పిలుస్తున్నారు. పలక్కు."

"పేరు పెట్టి పిలవలేదుగా. పైపు కొడుతున్నారు."

"నీకు బుద్ధుందా? ఇక్కడికి మనిషి ఎందుకొస్తాడు?"

"తాడు, ఉఖా."

బండి లాగే తాడు ట్రక్కుకి కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని, ఫోను దీపం నోట కరుచుకుని అగాలి బావిలోకి దిగాడు. భయం రాలేదు. తాడు తెగితే పోతానని తెలుసు, అయినా ఎవరి సంగతో విన్నట్టు ఉంది. పక్కనే పైపు. ఒక చెయ్యి దాని మీదే ఉంచాడు. ఇనుములో ఆ దెబ్బలు అరచేతికి తగులుతూనే ఉన్నాయి.

సగం దిగాక అవి ఆగిపోయాయి.

అడుగున, ఇసుకలో, ఒక ముసలామె. ఆమె పక్కన చచ్చిన మేక. ఇరుకు చోటు, అగాలి కాళ్ళు పెట్టడానికే జాగా లేక గోడకి మోకాలు తన్నిపెట్టి నిలబడ్డాడు. ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. చంకల కింద నుంచి తాడు కడుతుంటే ఆమె చేతులు రెండూ గుడ్డపీలికల్లా వేలాడాయి.

ఎలా పైకి చేర్చారో ఉఖా ఇప్పటికీ చెప్పలేడు. ట్రక్కుని అంగుళం అంగుళం వెనక్కి నడిపాడు, ఏడుస్తూ, దేవుణ్ణి తలుచుకుంటూ. ముందు ఆమె వచ్చింది. తాడు మళ్ళీ వదిలితే అగాలి వచ్చాడు.

మనిషే. దెయ్యం కాదు, ఎసూఫ్ కాదు. మేక పడిపోతే తొంగిచూసిన మనిషి, ఒడ్డు విరిగి తానూ పడిపోయింది. ఉఖాకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఆపుకోలేక గోడకి ఆనుకుని నవ్వాడు. "చూశావా బావా! ఇన్నేళ్ళూ భయపడి చచ్చాం! సలేక్ గాడి క్లిప్పు ఒక ప్రాణం కాపాడింది!"

"పెళ్ళివాళ్ళు?"

"కూచుంటారు. ముందు ఆసుపత్రి."

గిటారుని వెనక తొట్టిలో పెట్టి, ఆమెని ముందు సీట్లో ఇద్దరి మధ్యా కూచోబెట్టుకున్నారు. అగాలి తన తలపాగా విప్పి ఆమెకి చుట్టాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించాడు. చీకటి పూర్తిగా పడిపోయింది. ట్రక్కు ఊరి వైపు తిరిగింది.

చాలా దూరం పోయాక ఆమెకి గొంతు పెగిలింది.

"ఆయన్ని కూడా తీశారా, నాయనా?"

ఉఖా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అగాలే అడిగాడు. "ఎవర్ని, పెద్దమ్మా?"

"పైపు కొట్టినాయన్ని."

అగాలి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు కొట్టలేదా?"

"నేనెలా కొడతాను? పడ్డప్పుడే చేతులు విరిగాయి. అరిచి అరిచి గొంతు కూడా పోయింది." ఆమె మెల్లగా, ఆయాసపడుతూ చెప్పింది. "ఆయన నాకంటే ముందు నుంచే ఉన్నాడు అక్కడ. ఎంతకాలం నుంచో అడగలేదు. కొట్టు నాయనా, ఆపకు అన్నాను. పాపం, ఆపలేదు. చోటు చాలక నా భుజానికి ఆనుకుని కూచున్నాడు. రాత్రి చలికి నేను వణుకుతుంటే... ఆయన మాత్రం వణకలేదు."

అగాలి ఆ అడుగుని తన కళ్ళతో చూశాడు. దీపం వేసి చూశాడు. ముసలామె, మేక, ఇసుక. ఇంకొకరు నిలబడే చోటు లేదు.

"పైన మీ దీపం కనబడగానే చెప్పాడు, ఇక వచ్చేశార్లే అని. ఆయన్ని వదిలేసి రాలేదు కదా, నాయనా?"

అగాలి అరచేతుల్లో ఏదో మొదలైంది... ఇనుములో దెబ్బలు తగిలినట్టు సన్నటి వణుకు, మోచేతులదాకా, భుజాలదాకా. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఎన్ని నెలలైందో అలా ఏదైనా తెలిసి.

ఆమె కష్టం మీద మెడ తిప్పింది. వెనక అద్దంలోంచి తొట్టిలోకి చూసింది. ఆమె మొహం తేటబడింది.

"ఆఁ... సరే. ఎక్కేశాడులే."

ఆమె కళ్ళు మూసుకుంది.

"బావా" అని గుసగుసలాడాడు ఉఖా. "తిరక్కు. నీ కాళ్ళు పట్టుకుంటా... తిరిగి చూడకు."

అగాలి తిరిగి చూశాడు.

చాలాసేపు చూశాడు. ఉఖాకి పక్కనుంచి అతని మొహం మాత్రమే కనబడుతోంది. ఆ మొహం మీద, అన్నని మట్టిలో పెట్టిన రోజు రాని నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరున్నారు?" అన్నాడు ఉఖా.

అగాలి ముందుకి తిరిగి, ముసలామె మీది తలపాగా సర్ది, మెల్లగా ఒక్క మాట అన్నాడు.

"కాస్త నెమ్మదిగా పోనియ్, ఉఖా... వెనక కూచున్నవాళ్ళకి పట్టుకోడానికేమీ లేదు."