పాఠంలో ఆఖరి మాట

"ప్యాంటు నడుము కాస్త వదులు చెయ్యాలండీ."

"ఎంత?"

"రెండంగుళాలు."

"లోపలికి రండి."

ఇది కోడ్. కృపానందం ప్యాంటు నడుము నిజంగానే బిగుతైందన్నది వేరే సంగతి. యాభై ఒకటో ఏడు వచ్చింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, దొంగ పాస్‌పోర్టుల్లో తన పేరేదో అప్పుడప్పుడు తనకే గుర్తుండటం లేదు. అయినా పై ఆఫీసుకి ఇంకా కృపానందమే కావాలి. ఖర్మ!

1983 ఫిబ్రవరి, గురువారం, ఉదయం తొమ్మిది. షార్జాలో రోలా వీధి అప్పుడే కిటకిటలాడుతోంది. పైకి దర్జీ, లోపల మన గూఢచారుల స్టేషన్ చీఫ్ అయిన జకరయ్య ట్రయల్ రూమ్ తెర లాగి, మెడలో టేపుతోనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఖోర్ ఫక్కాన్ రేవులో మన ఓడ 'సాగరమిత్ర' ఉంది. ముప్పై నలుగురు మనవాళ్లు. ఓడలో ఒక ముఠా టైమ్ బాంబు పెట్టింది. సాయంత్రం నాలుగింటికి."

"ఎక్కడ పెట్టారు?"

"స్పెయిన్ టైల్స్ పెట్టెలు నలభై ఎక్కాయి. ఒక్కదాన్లో ఉంది."

"ఓడ ఖాళీ చేయిస్తే?"

"కొండమీద ఎక్కడో వాళ్ల మనిషి బైనాక్యులర్స్‌తో కాపు కాస్తున్నాడు. చేతిలో రిమోట్. డెక్ మీద హడావిడి కనిపిస్తే నొక్కేస్తాడు. నువ్వు ఇన్సూరెన్స్ సర్వేయర్‌వి. ఓడ అడుగున మూత తెరిచే జాగా ఉండదు కాబట్టి సర్వేయరంటే శాంపిల్‌కి ఒక్క పెట్టె డెక్ మీదికి తీయించి తెరుస్తాడు. రెండోదాని మీద చెయ్యి వేశావా, వాడికి అర్థమైపోతుంది."

ఏ పెట్టె అన్నది పిలార్ పాఠంలో ఉంది. పిలార్ రోలాలో హోటల్ ఉద్యోగులకు స్పానిష్ నేర్పే అందగత్తె. ఆ ముఠా మనిషి, ఏడాదిగా మన మనిషి కూడా. ఆమె క్లాసులో కృపానందం మూణ్ణెల్లు బుద్ధిగా కూర్చున్నాడు. నీతికి సంబంధించిన మాటలంటే ఆమెకు మహా ఇష్టం. ఓన్రాదెస్ అంటే ఆనెస్టీ. దెబెర్ అంటే డ్యూటీ. లెయాల్తాద్ అంటే లాయల్టీ. ఎదురుగా ఇంగ్లీషు మాట రాసి మరీ వల్లె వేయించేది. టైల్స్ పెట్టెల మీదా ఒక్కోదానికి ఒక్కోటి చొప్పున ఆ స్పానిష్ మాటలే అచ్చు వేయించింది. రెండు పక్షాలను ఒకేసారి మోసం చేసే మనిషికి నీతి మీద అంత ప్రేమేమిటో!

"పెట్టెలు కట్టేవాడికి పాఠం క్యాసెట్టు వెళ్లింది. దాంట్లో ఆఖరి మాటే ఆ పెట్టె. మస్కట్‌లో మనకు దొరికిన ముఠావాడు కక్కింది అంతవరకే. ఆ మాట 'కుల్పా' అంటోంది పిలార్. అంటే గిల్ట్," అన్నాడు జకరయ్య. "సజ్జా గోడౌన్‌కి వెళ్లి నిర్ధారించుకో. తర్వాత ఆవిణ్ణే వెంటబెట్టుకుని రేవుకి వెళ్లు."

సజ్జా గోడౌన్‌లో పెట్టెలు కట్టినవాడు ఎప్పుడో మాయమయ్యాడు. మిగిలింది పెట్టెలు మోసిన ఆశన్న ఒక్కడే. క్యాసెట్టు మాట ఎత్తగానే అతను రెండు చేతులూ జోడించాడు.

"నేను దొంగతనం జెయ్యలే సార్! పెట్టెలు కట్టిన గా తెల్లోడు ఇని, చెత్తల పారేసిండు. ఇంటికి ముచ్చట పంపుదామని తెచ్చుకున్న. నన్ను పనిల పెట్టుకున్న కఫీల్‌కు చెప్పకుండ్రి సార్, మీ కాల్మొక్త."

"చెప్పను ఆశన్నా. క్యాసెట్టు ఏది?"

లేబర్ క్యాంపులో తన మంచం కింది పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాడు. పైన చిల్లులకు కాగితం అంటించి ఉంది. కృపానందం దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. పాత క్యాసెట్టు మీద కొత్తగా రికార్డు చెయ్యాలంటే క్యాంపుల్లో అందరూ చేసే పనే అది.

"పాఠం చెరిపేశావా?"

"రెండు దిక్కులా నిండ మాట్లాడిన సార్. రేపు మా ఊరి పోశయ్య ఇంటికి పోతుండు, పట్కపోతడు. మా ఇంటామె లచ్చవ్వ ఎదురు చూస్తుంటది. మళ్ల ఇస్తరు గద సార్?"

"ఇస్తాను. నాదీ పూచీ."

కృపానందం టేపు రికార్డర్ నొక్కాడు. పరాయి సంసారంలోకి తొంగిచూడటం అతని వృత్తే. అయినా ఇవాళ చెవులు మూసుకోవాలనిపించింది.

"లచ్చవ్వా, మంచిగున్నవా? గీ క్యాసెట్ల ఒక తెల్లామె పాఠం చెప్పింది. ఇంగ్లీష్ వస్తదేమో అని ఇరవై సార్లు ఇన్న. ఒక్క ముక్క సమజ్ గాలే. అన్నిటికన్న ఆఖర్ల 'షేమ్' అన్నది. గదొక్కటి తెల్సింది. లాగు జారితే బడిపోరలు షేమ్ షేమ్ అని ఎక్కిరిస్తుండ్రి గద! మూడేండ్లాయె లచ్చవ్వా, బిడ్డ మొఖం సూడలే. షేమ్ నాకే ఉన్నది..."

షేమ్. స్పానిష్‌లో వెర్గ్వెన్సా. గిల్ట్ కాదు.

రేవు దారిలో రెండు గంటలపాటు పిలార్ సెంటు వాసన, ఆవిడ నవ్వు.

"ఆఖరి మాట కుల్పాయేనా?"

"నేనే కదా రికార్డు చేశాను డార్లింగ్."

ఖోర్ ఫక్కాన్‌లో మూడున్నర. ఆవిడ కారు దిగలేదు. డ్రైవింగ్ సీట్లోకి జరిగి, కారు ముందుభాగం గేటు వైపు తిప్పి పెట్టుకుంది.

ఓడ అడుగున కుల్పా, వెర్గ్వెన్సా పెట్టెలు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. పైన వంటవాడు టీ కలుపుతున్న చప్పుడు. కృపానందం నుదురు తుడుచుకున్నాడు. ఒక పక్క ఏడాదిగా పనిచేస్తున్న ఏజెంటు. ఇంకో పక్క ఒక్క ఇంగ్లీషు మాట వచ్చిన కూలీ. లెక్క తప్పితే ముప్పై నాలుగు ప్రాణాలు, తనతో ముప్పై అయిదు. పిలార్‌కి అబద్ధం చెప్పడం అన్నం తినడంతో సమానం. పెళ్లాం ముందు సిగ్గుపడుతున్నవాడికి అబద్ధంతో పనేముంది?

"దీన్ని పైకి తీయించండి," అన్నాడు, వెర్గ్వెన్సా పెట్టె చూపిస్తూ.

డెక్ మీద పలుగుతో మూత లేపేసరికి మూడూ యాభై రెండు. ఒక వరస టైల్స్. రెండో వరస. మూడో వరస కింద గడియారం, మూడు వైర్లు. కొండ వైపు వీపు తిప్పి, పద్దు రాసుకుంటున్నవాడిలా వంగాడు. పెన్ను మూతలోంచి కట్టర్ తీశాడు. చెమట కళ్లలోకి దిగింది. రిమోట్ వైరు తెగింది. రెండోది తెగింది. మూడోది తెగేసరికి నాలుగింటికి ఒక్క సెకను తక్కువ.

"సార్, టీ," అన్నాడు వంటవాడు. కృపానందం ఆ టీ నిలబడి తాగలేకపోయాడు. టైల్స్ మీదే కూలబడ్డాడు.

గేటు దగ్గర ముందే మాటు వేసిన జకరయ్య మనుషులు పిలార్‌ని కారులోంచి దింపుతున్నారు.

"నీకెలా తెలిసింది?" అంది, ఓడ దిగి వచ్చిన కృపానందాన్ని చూసి.

"నీ పాఠం శ్రద్ధగా విన్న విద్యార్థి ఒకడున్నాడు. నేను మాత్రం కాదు."

మర్నాడు ట్రయల్ రూమ్‌లో జకరయ్య ఫైలు తెరిచాడు. "ఆ క్యాసెట్టు ఇవ్వు. ఢిల్లీకి పంపాలి."

"లేదు సార్. పొద్దున్నే విమానం ఎక్కించాను. లచ్చవ్వ దగ్గరికి."

"లచ్చవ్వా? ఏ దేశం ఏజెంటు?"

"మెట్‌పల్లి సార్," అన్నాడు కృపానందం. "నా ప్యాంటు అయిందా?"