సీల్ పడ్డాక

ఆమె చేతిలో ఇంకో సంచి ఉంది.

తేమ పీల్చే సంచి. కంటైనర్ గోడకున్న కొక్కేనికి తగిలించాలి. సముద్రం మీద పగలు ఇనుము కాలిపోతుంది. రాత్రి చల్లబడుతుంది. పైకప్పు నుంచి చుక్కలు రాలతాయి. అట్టపెట్టెలు నానిపోతాయి, డబ్బాలు తుప్పు పడతాయి. అందుకే ప్రతి లోడుకీ చివర్లో ఈ సంచులు.

ఆ పని ఎప్పుడూ ఈ ఇంటి చిన్నకోడలిదే.

ముడి వేస్తోంది.

వెలుతురు పోయింది!

ముందు ఒక తలుపు. తర్వాత రెండోది. కడ్డీలు తిరిగిన చప్పుడు.

"బావగారూ, నేనింకా లోపలే ఉన్నాను."

బయట కదులుతున్న చెప్పులు ఆగాయి.

"తెలుసమ్మాయ్."

టక్.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. బోల్ట్ సీల్. వేలెడంత ఇనుప మేకు. ఒకసారి నొక్కితే వెనక్కి రాదు. కట్టర్‌తో కోయాల్సిందే.

సంచి చేతిలోంచి జారిపోయింది.

"తలుపు తీయండి."

"పొద్దున ఏమన్నావ్? కొనేవాళ్ళకి నువ్వే ఫోన్ చేస్తానన్నావుగా." తలుపు రబ్బరు సందులోంచి బావగారి గొంతు సన్నగా వస్తోంది. అందులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "చెయ్యి మరి."

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. నాలుగు వైపులా ఇనుము.

ఆ పెట్టెల నిండా బీన్స్ కూర డబ్బాలు. మూత బిగించి ఆవిరిలో ఉడికించాక, ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని డబ్బాలు తీసి వెచ్చని గదిలో ఉంచుతారు. లోపల క్రిమి బతికి ఉంటే ఆ వేడికి పెరుగుతుంది. డబ్బా ఉబ్బుతుంది. గడువు తీరేదాకా ఆగి చూడాలి. షిప్ ముందే వచ్చిందని ఈసారి బావగారు ఆగలేదు. లోడింగ్ మొదలుపెట్టించారు.

ఈ ఉదయం ఆమె ఆ గది తలుపు తీసింది.

డబ్బాలు పొట్టలు వేసుకుని కూర్చున్నాయి.

అలాంటి కూర తిన్నవాడు బతకకపోవచ్చు. అన్ని డబ్బాలూ ఉబ్బవు. వాసనా రాదు. రుచీ మారదు. పిల్లాడికి పెట్టే తల్లికి కూడా తెలియదు.

ఇప్పుడవే డబ్బాలు ఆమె వీపు వెనక. దాదాపు పైకప్పు దాకా.

"బావగారూ... ఎవరికీ చెప్పను. ఒట్టు. తీయండి."

"నమ్ముతానమ్మా. కానీ తీస్తే సీల్ తెగుతుంది. దాని మీదున్న నంబర్ ముందే పోర్టుకి వెళ్ళిపోయింది. ఇంకో నంబర్‌తో వెళ్తే గేటు దగ్గరే నిలబెట్టేస్తారు. షిప్ పోతుంది. షిప్ పోతే ఆర్డర్ పోతుంది. ఆర్డర్ పోతే ఫ్యాక్టరీకి తాళమే. నువ్వు చెప్పినా అంతే, చెప్పకపోయినా అంతే."

ఆమెకు అర్థమైంది.

ఇక్కడ బేరం లేదు. తనను బయటికి తీసేవాళ్ళు ఎవరైనా సరే, ఈ ఇంటి కడుపు కొట్టి తీరాలి.

"మరి నా సంగతి?"

"పోర్టులో ఎవరైనా వింటార్లే."

"వినకపోతే?"

చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

కాసేపటికి కంటైనర్ మొత్తం వణికింది. ఇంజిన్!

ట్రెయిలర్ నడిపేది ఆమె భర్త. కానీ ఈ వేళకి ఆయన ఆవరణలోనే ఉన్న ఇంట్లో రాత్రి భోజనానికి కూర్చుని ఉంటాడు. స్టార్ట్ చేసింది బావగారు. ఎందుకో తెలుస్తూనే ఉంది. ఈ రొదలో ఇనుము మీద ఎంత బాదితే ఏం లాభం...

అయినా బాదింది. పిడికిళ్ళతో. చెప్పుతో. గొంతు బొంగురుపోయేదాకా.

గాలి బరువెక్కుతోంది. చెమట కళ్ళలోకి కారుతోంది.

పైన, గోడ అంచున, చిటికెన వేలు పట్టేంత కన్నాలు కొన్ని. గాలి కోసం పెట్టినవి. పెట్టెలు పట్టుకుని పైకెక్కింది. ఒకటి కాలి కింద నలిగింది. మోకాలు గీసుకుపోయింది. కన్నానికి కన్ను ఆనించింది.

వంటింటి కిటికీ.

చెయ్యి చాస్తే అందేటట్టుంది.

లైటు కింద, ఇటు వీపు పెట్టి, భర్త. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. తనకే చేస్తున్నాడు. ఆమె చేతిలో ఫోన్ ఉలకదు, పలకదు.

బావగారు వచ్చి పక్కన కూర్చున్నారు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. వినబడదు. వినక్కర్లేదు. అలిగి తన అక్క ఇంటికి వెళ్ళిందని చెబుతూ ఉంటారు. పొద్దున గొడవ పడింది కదా. నమ్మే మాటే.

భర్త ఫోన్ కింద పెట్టాడు. మళ్ళీ కంచంలోకి వంగాడు.

"నమ్మకయ్యా... నీ దుంప తెగ, నమ్మకు."

టార్చ్ వెలిగించి కన్నాలకు ఆనించింది. ఆర్పింది. వెలిగించింది. ఆర్పింది.

కిటికీకి ఎదురుగా నిలబడి వడ్డిస్తున్నది అత్తగారు ఒక్కరే.

గరిటె గాలిలో ఆగిపోయింది.

చూశారు!

చిన్నకోడలు చిటికెన వేలు కన్నంలోంచి బయటికి పెట్టి ఆడించింది. మనిషినే అత్తయ్యా. ఇదిగో, మనిషినే.

అత్తగారి ముఖం పాలిపోయింది. పెద్దకొడుకు వైపు తిరిగారు. బావగారు తల్లి కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపారు. మెల్లగా. తమ్ముడికి తెలియకుండా.

మామగారు పోయాక ఈ ఇంటిని నిలబెట్టింది బావగారే. ఆయన మాటకు అత్తగారు ఇంతవరకూ ఎదురు చెప్పింది లేదు. చీర కొనుక్కోవాలన్నా పెద్దాడిని అడిగే మనిషి.

అత్తగారు చెయ్యి చాచారు.

కిటికీ మూసేశారు.

ఆమె పెట్టెల మీదే కూలబడింది. ఏడుపు కూడా రావడం లేదు. నోరెండిపోయింది. నెలన్నర సముద్రం... అంత దూరం ఆలోచించనక్కర్లేదు. రేపు మధ్యాహ్నం ఎండ చాలు.

దబ్!

క్యాబ్ తలుపు. భర్త ఎక్కాడు. గేరు పడింది. కాళ్ళ కింద నేల కదిలింది.

పడుతూ లేస్తూ మళ్ళీ కన్నానికి కన్ను పెట్టింది. చివరిసారి ఇల్లు చూసుకుందామని.

వంటింటి తలుపు తెరుచుకుంది.

అత్తగారు.

చేతుల్లో ఏమీ లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. మెట్ల మీద బావగారు అడ్డంగా నిలబడ్డారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లోపలికెళ్ళమంటున్నారు. బతిమాలుతున్నారో, బెదిరిస్తున్నారో.

అత్తగారు ఆయన ముఖం కూడా చూడలేదు. పక్కనుంచి దిగిపోయారు. కదులుతున్న బండికి ముందుగా నడిచారు. కన్నంలోంచి మాయమయ్యారు.

బ్రేక్!

పెట్టెలు విరుచుకుపడ్డాయి. డబ్బాలు దొర్లాయి. భుజం మీద మంట.

ఇంజిన్ ఆగిపోయింది.

"అమ్మా, ఏంటిది?" భర్త గొంతు. ఎంత దగ్గరగా ఉందో ఆ గొంతు! "చక్రం ముందు కూర్చుంటావేంటి? లే... లేవమంటున్నానా?"

ఆ గొంతు ఇంటివైపు తిరిగింది.

"అన్నయ్యా, అమ్మకేమైంది?"



ఇప్పుడు ఇంజిన్ రొద లేదు. ఇనుము మీద కొడితే వినిపిస్తుంది.

చిన్నకోడలు పిడికిలి బిగించింది.