ఇంటి గుట్టు పేపర్లో

కాఫీ తాగుతూ పేపర్ తెరవగానే సినీతార కొరీన్ కప్పు ఠక్కున బల్లమీద పెట్టేసింది. హాలీవుడ్ కబుర్లు రాసే మిసెస్ ప్రాక్టర్ శీర్షికలో మొదటి వార్త తనదే. ‘తెరమీద మెరిసే ఆ బంగారు జుట్టు విగ్గేనట!’

ఆ సంగతి తనకూ, తల్లి హుల్డాకూ, చెల్లెలు మేవిస్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

చెల్లెలన్నది లోకానికే. నిజానికి మేవిస్, కొరీన్ పెళ్లి కాకుండా కన్న కూతురు. బయటపడితే, తారల నడవడి మీద పెట్టిన షరతు చూపించి స్టూడియో అదే రోజు కాంట్రాక్టు చింపేస్తుంది. అందుకే హుల్డా తన బిడ్డగా పెంచింది. మేవిస్‌కూ అలాగే చెప్పారు.

"ఎవరితో వాగావే?"

టోస్టుకు వెన్న రాస్తున్న మేవిస్ తలెత్తింది. "ఏంటక్కా?"

"నా నెత్తి సంగతి! కిందటి వారం డైరెక్టర్ మీద చెప్పు విసిరానని వేశారు. అదీ ఈ బల్ల దగ్గర చెప్పిందే."

"నీ నెత్తి గోల నాకెందుకు? ఊరంతా చూస్తూనే ఉందిగా!"

నవ్వింది గానీ, చూపు తప్పించింది. కొరీన్ అది కనిపెట్టింది. ఇది ఏదో దాస్తోంది. ఇవాళ విగ్గు. రేపు?

"తిండి దగ్గర ఏంటే రభస?" అని విసుక్కుంటూ హుల్డా లేచి హాల్లోకి వెళ్లిపోయింది.

కొరీన్ మేడమీదికెళ్లి, స్టూడియోకు చెబుదామని ఫోన్ ఎత్తింది. అదే లైనులో కింద నుంచి తల్లి గొంతు!

"విగ్గు ఇచ్చాను కదండీ మిసెస్ ప్రాక్టర్. వచ్చే వారం ఇంకోటి చెబుతా. పిల్ల ఊసు మాత్రం ఎత్తకండి."

కొరీన్ ఒక్క పరుగున కిందికి దిగింది. "నువ్వా అమ్మా! కన్నతల్లివై ఉండి!"

హుల్డా తొణకలేదు. "ఆవిడ మేవిస్ సంగతి ఎప్పుడో కూపీ లాగింది. పెద్దది రాయకుండా ఉండాలంటే చిన్నవి అందిస్తూ ఉండాలి. ఈ ఊళ్లో అందరూ చేసే బేరమే. నీ జుట్టు దాచి, పిల్లను బజారుకెక్కించమంటావా?"

కొరీన్ చివ్వున తల తిప్పింది. గుమ్మంలో మేవిస్ నిలబడి ఉంది.

"నాకు తెలుసు," అంది మేవిస్ మెల్లగా. "మీరిద్దరూ పోట్లాడుకుంటే గోడలకు చెవులుండక్కర్లేదు. అమ్మమ్మా, వచ్చే వారం నా సంగతి ఇచ్చెయ్. బడి వెనక సిగరెట్ కాలుస్తూ దొరికిపోయానని. పాపం, అమ్మను వదిలెయ్."

"సిగరెట్టా!" అంటూ చెయ్యెత్తిన కొరీన్, ఆ చేత్తోనే కూతుర్ని గుండెకు అదుముకుని భోరుమంది.