ఆగిన కూత

పొద్దున్నే పొయ్యి దగ్గర నుంచి రత్నమ్మ మూడుసార్లు పిలిచింది. వాకిట్లో అంట్లు తోముతున్న ఫెబీ తల తిప్పలేదు. అలిగిందనుకుంది రత్నమ్మ. మూతి ముడుచుకుంటే ఎవరి కడుపు మాడుతుందని గొణుగుతూ పోయి భుజం తట్టింది. పిల్ల ఉలిక్కిపడింది. ఎడమ పక్క నుంచి పిలిస్తే దానికి వినపడదు. నెల దాటినా తల్లికి అది అలవాటు కాలేదు.

క్రిస్మస్‌కు అర్ధవీడు దగ్గర వాళ్ల ఊళ్లోనే కబడ్డీ పోటీలు పెట్టారు. ఫెబీ రిఫరీ. కూలికి పోతూ, సెల్‌ఫోన్లో రూల్సు చదువుకుని పరీక్ష పాసైంది. ఫైనల్లో ఆనంద్ బాబు కూతకు వెళ్లి ఇద్దరిని తాకాడు. కానీ గీత దాటి వెనక్కి రాకముందే కూత ఆగింది, ఊపిరి పీల్చాడు. ఫెబీ విజిల్ ఊది ఔట్ ఇచ్చింది. "చెవుడా నీకు?" అంటూ వాడు ఎడమ చెవి మీద సాచి కొట్టాడు. రెండొందల మంది చూశారు. సగం మంది నవ్వారు. కాసేపాగి ప్రార్థన చేసుకుని కప్పు అవతలి జట్టుకు ఇచ్చారు. లోపల కర్ణభేరి పగిలి, వినికిడి నరం చచ్చింది. ఇక ఆ చెవి రాదని మార్కాపురంలో డాక్టరు చెప్పాడు.

స్టేషన్‌లో ఎస్సై ఉన్నమాట చెప్పాడు. బస్సు కండక్టర్ని కొడితే ఒక సెక్షన్, వీఆర్వోను కొడితే ఒక సెక్షన్. రిఫరీని కొడితే దారిన పోయేవాళ్లను కొట్టినట్టే. మైదానం నడుమ ఒంటరిగా నిలబడి తీర్పు చెప్పే మనిషికి ఈ దేశంలో వేరే చట్టం లేదు. ఇక మిగిలిందల్లా ఆ చెవే. వాడి దెబ్బకే వినికిడి పోయిందని తేలితే పెద్ద కేసు. లేదంటే చెంపదెబ్బ కేసు, సాయంత్రానికి ఇంటికి.

ఆనంద్ బాబు తండ్రి ఇమ్మానుయేలు మేస్త్రి. గుంటూరు వైపు మిరపకోతలకు ముఠాను తోలుకుపోయేది ఆయనే. ఆయన పిలవని ఇంట్లో ఆ మూడు నెలలూ పొయ్యి వెలగదు. ఫెబీ లేనప్పుడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అబ్బాయి కానిస్టేబుల్ పరీక్ష రాశాడన్నాడు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చెవిలో చీము కారేదని ఒక్క మాట చెప్పు చెల్లెమ్మా, కేసు తేలికవుతుంది, అన్నాడు. రత్నమ్మ మొగుడు కరుణాకరం కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. రత్నమ్మ స్టేషన్‌కు పోయి చెప్పింది. కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఈ పొద్దు కంచం ముందు కూర్చోగానే ఫెబీ ఫోన్‌కు ఆ కాగితమే వచ్చింది. దాని కింద, అది చూసి కబడ్డీ సంఘం వాళ్లు రాసిన ఉత్తరం. చిన్నప్పటి చెవుడు దాచి పరీక్ష రాసినందుకు రిఫరీల జాబితా నుంచి తీసేశారు. ఆ రోజు ఔట్ చెల్లదట. కప్పు ఆనంద్ బాబు జట్టుకు ఇవ్వాలట. చదువు రాని తల్లికి ఫెబీ అంతా చదివి వినిపించింది.

"ఈ ముద్ర నీదేనా?"

రత్నమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "కేసు తేలికవుతదన్నాడు. సోమవారం కోతల బండెక్కాల మనం. పోయిన చెవి ఎట్లాగూ పోయింది. ఎప్పుడు పోయిందంటే ఏంది?"

"చెవి వాడు తీసుకున్నాడు. నా మాట నువ్వు తీసుకున్నావు. ఆ పొద్దు కూత ఆగింది మా, నేను విన్నా. ఇప్పుడు చెవిటిది తప్పు చెప్పిందంటారు." తండ్రి వైపు తిరిగింది. "నాయనా, నాకు ఎప్పుడన్నా చీము కారిందా?"

కరుణాకరం అన్నం కుండ వైపు చూశాడు.

"ఊరికే ఎక్కువ చేస్తున్నావు," అంది రత్నమ్మ. "డాక్టర్లు అట్లనే చెబుతారు. కొంచెమన్నా వినపడతాంటది."

ఫెబీ లేచింది. కుడి చెవిలో దూది కుక్కి, పైన అరచెయ్యి అదిమి, గోడకు మొహం పెట్టి కూర్చుంది. "ఎడమ పక్కన నిలబడి కూత పెట్టు. ఆగినప్పుడు చెయ్యెత్తుతా. ఎత్తితే నువ్వు చెప్పిందే నిజం."

రత్నమ్మ విసుగ్గానే మొదలుపెట్టింది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఊపిరి అందక ఆగింది. చెయ్యి లేవలేదు. ఇంకా దగ్గరికి జరిగి, చెవిలో నోరు పెట్టినట్టుగా అరిచింది. పక్కింటి కోటమ్మ ప్రహరీ మీంచి తొంగిచూసింది. అరుపు మధ్యలో విరిగి ఏడుపైంది. పిల్ల చెయ్యి మోకాలి మీద అట్లనే ఉంది.

"మొదలుపెట్టు మా," అంది ఫెబీ గోడతో. "ఎంతసేపు కూర్చోవాల?"

రత్నమ్మ కూలబడింది. పాకుతూ కుడి పక్కకు వచ్చి, కూతురి చెయ్యి లాగి, దూది తీసింది.

"పద స్టేషన్‌కు. నేను అబద్ధం చెప్పినానని రాయిస్తా."

"నీ మీదే కేసు పెడతారు."

"పెట్టనీ."

"సోమవారం బండి?"

రత్నమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని వీధిలోకి దిగింది. వెంట వచ్చిన కూతురి ఎడమ పక్కన రెండడుగులు నడిచి, చుట్టు తిరిగి కుడి పక్కకు మారింది.

మేస్త్రి ఇల్లు ఎడమ చేతి వైపు. అరుగు మీంచి ఆయన కేకేశాడు, ఎటు చెల్లెమ్మా అని. ఫెబీకి వినపడలేదు. రత్నమ్మకు వినపడింది. తల తిప్పలేదు.