దాలమ్మ మలుపులో నాలుగు సిగరెట్లు

మలేసియాలో బాగన్ దాతుక్ వైపు పామాయిల్ తోటల మధ్య ఒక మలుపుంది. దాని పేరెత్తితే మా లారీ డ్రైవర్లు ఇప్పటికీ మాట మార్చేస్తారు. కాగితాల్లో ఆ రోడ్డుకి ఏదో నెంబరుంది. మాకు మాత్రం అది దాలమ్మ మలుపు. రాత్రి పది దాటాక అక్కడ ఎవరో చెయ్యెత్తుతారు... ఆగారో, అంతే సంగతులు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నాకిది చెప్పినవాడు మాతో పాటు లారీ తోలిన కన్నబాబు. పోయిన వారం నా టైర్ల కొట్లో, ఈ బల్ల దగ్గరే కూర్చుని చెప్పాడు. వాడు నవ్వడం మానేసి ఏడాది దాటింది.

దాలమ్మ తోటలో రాలిన పామాయిల్ పళ్లు ఏరే ముసలమ్మ. ఆవిడ తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. నిప్పున్న వైపు నోట్లోకి తిప్పుకుని చుట్ట కాల్చేది. అడ్డపొగ అంటారే, అదన్నమాట. పన్నెండేళ్ల కిందట, గోనెసంచి మోసుకుంటూ ఆ మలుపు దాటుతుంటే పళ్ల లోడు లారీ తొక్కేసింది. డ్రైవరు ఆపలేదు. తెల్లారి చూస్తే సంచీలో పళ్లనీ, ఆవిడనీ విడదియ్యడానికి పార తేవాల్సి వచ్చిందట. నోట్లో చుట్ట మాత్రం అలాగే ఉందట.

అప్పట్నుంచి మాకో ఆనవాయితీ. మలుపు దగ్గరికి రాగానే సిగరెట్టు వెలిగించి కిటికీలోంచి విసరాలి. చుట్టలిప్పుడు ఎక్కడ దొరుకుతాయి? హారన్ కొట్టకూడదు. పక్కకి చూడకూడదు. ఎవరు పిలిచినా పలక్కూడదు.

పోయినేడాది దాకా నేనూ ఆ దారిలో లారీ తోలినవాణ్ణే. అందరూ తెల్ల సిగరెట్లు విసిరితే నేను లవంగం సిగరెట్టు విసిరేవాణ్ణి. ఇండోనేషియా సరుకు. “అన్న లారీ పోతే రోడ్డంతా బిరియానీ వాసన లా!” అని, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి యాసలో తోటి డ్రైవర్లు ఏడిపించేవారు. ముసలమ్మ నోటికి కాస్త మసాలా తగలొద్దా అనేవాణ్ణి నేను.

ఇంతలో రోడ్డు బాగుచేస్తామని కాంట్రాక్టరు దిగాడు. వెడల్పు చేశాడు. నల్లగా తారు పోశాడు. వరసగా లైట్ల స్తంభాలు పాతుకుంటూ వచ్చాడు. మలుపులో ఇనుప కంచె, ఎదురొచ్చే బండి కనబడేలా గుండ్రటి అద్దం, నడిమధ్య ఒక పెద్ద లైటు... అన్నీ ప్లానులో ఉన్నాయి. సరిగ్గా ఆ లైటు రావాల్సిన చోటే, ఆవిడ పోయిన దగ్గర మేం పాతి పసుపు రాసిన దాలమ్మ రాయి ఉంది.

డ్రైవర్లం పదకొండు మందిమి పోయి అడ్డం పడ్డాం. ఆ రాయి కదిపితే రోజుకో పీనుగ లేస్తుందన్నాం. ముందు నిలబడి అరిచినవాణ్ణి నేనే. కాంట్రాక్టరుకేం పోయింది? మలుపు వదిలేసి అవతల మొదలుపెట్టాడు. ఇటు వెలుగు, అటు వెలుగు. మధ్యలో నూట యాభై అడుగుల చీకటి. పైగా రోడ్డు బాగుపడింది కదా, నలభైలో పోయే లారీలు ఎనభైలో పోసాగాయి.

కన్నబాబు పెళ్లాం నాగవల్లి. కొబ్బరి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. రాత్రి పదిన్నరకి మోటార్‌సైకిల్ మీద ఆ దారినే ఇంటికొచ్చేది. గలగలా మాట్లాడే పిల్ల. మా పాత డ్రైవర్లందరికీ ఆవిడ చేతి టీ తెలుసు. వాళ్లకి నాలుగేళ్ల కూతురుంది, తర్షిణి.

పోయినేడాది పళ్ల సీజనులో ఒక రాత్రి. ఏదో లారీలోంచి మలుపులో గెల జారిపడి పళ్లన్నీ చిట్లి నూనె కారుతోంది. నాగవల్లి బండి చక్రం దాని మీదికెక్కింది... బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. కుడికాలు మోకాలి కింద విరిగి, ఎముక బయటికొచ్చేసింది. నెత్తురు ఆగడం లేదు.

ఫోను చేతిలోనే ఉంది. మొగుడికి తొమ్మిదిసార్లు చేసింది. కొత్త లారీల్లో కెమెరా పెట్టారు, ఫోను పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలని రూలు పెట్టారు. అంతా క్షేమం కోసమే! కన్నబాబు ఫోను ఆ పెట్టెలో మోగి మోగి ఆగింది. అందుకని మాటలు రికార్డు చేసి పంపింది. మూడుసార్లు.

కన్నబాబు నాకు అవి వినిపించాడు.

మొదటిది — “కన్నా... నాను పడిపోనాను. ఆంబులెన్సుకి గంట పడతాదంట. నువ్వెక్కడున్నావు?”

రెండోది — “లారీలు ఆగట్లేదు... సెయ్యెత్తినాను. సిగరెట్టు ఇసిరేసి పోనారు.”

ఆ తరవాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడుతుంది.

మూడోది, గుసగుసగా — “ఇందాక పోయినోడు మనకి తెలిసినోడే... పేరెట్టి పిలిసినాను. అయినా ఆగనేదు... నువ్వొస్తావు గదా. నీ లారీ నీలం లైట్లు నాకు తెలుసు. నాను రోడ్డు మీదకే వచ్చేస్తాను.”

పదకొండుకి పది నిమిషాలుండగా కన్నబాబు లారీ మలుపుకొచ్చింది. పన్నెండు టన్నుల లోడు. తారు మీద, నేలకి జానెడెత్తులో ఒక వెలుగు కదులుతోంది. వెనకాల తెల్లగా... పాకుతూ వస్తోంది. ఒక చెయ్యి పైకి లేచింది.

దాలమ్మే అనుకున్నాడు వాడు. సిగరెట్టు వెలిగించి కిటికీలోంచి విసిరాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“కన్నా...” అని వినబడింది.

“పేరెట్టి పిలిసిందన్నా!” అన్నాడు నాతో. “పిలిస్తే పలక్కూడదని మీరే గదా సెప్పినారు. యాక్సిలేటరు తొక్కీసినాను.”

లారీ కొంచెం ఎగిరింది. ముందు ఒకసారి, వెనకాల ఇంకోసారి.

దెయ్యానికి బరువుండదు. ఆ సంగతి వాడికి పామాయిల్ మిల్లు గేటు దగ్గర తట్టింది. వాచ్‌మన్ రెంగసామి టార్చి కొట్టి చక్రాలు చూసి, టార్చి అక్కడే పారేసి పరిగెత్తాడు. లోపలి టైరుకీ బయటి టైరుకీ మధ్య జుట్టు చుట్టుకుని ఉంది. జుట్టుతో పాటు నల్లపూసలు. అవి ఎవరి మెడలోవో కన్నబాబుకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కేసు నడుస్తోంది. లైసెన్సు పోయింది. ఇప్పుడు మలుపులో దాలమ్మ రాయిని కాస్త పక్కకి జరిపి లైటు పెట్టారు. కంచె ఉంది. అద్దం ఉంది. రాయి కదిపినా ఏ పీనుగా లేవలేదు. అయినా రాత్రుళ్లు అక్కడ ఎవరో చెయ్యెత్తుతున్నారని కొత్త డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. అది కన్నబాబే. ఎర్రగుడ్డ పట్టుకుని లారీలకి అడ్డం నిలబడతాడు. వాడికీ సిగరెట్లు విసిరి పోయేవాళ్లున్నారు.

పోయిన వారం ఇదంతా చెప్పడం అయ్యాక, కన్నబాబు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో సగం కాలిన సిగరెట్లు, నాలుగు. ఆ తెల్లారి పోలీసులు పోయాక నాగవల్లి పడిన చోట ఏరుకున్నాడట. బల్ల మీద వరసగా పేర్చాడు.

“ఇది నాది. ఈ రెండూ సిన్నప్పన్‌దీ, గావిన్‌దీ. ఇద్దరూ వచ్చి నా కాళ్ల మీద పడి ఏడిసినారు. తెలిసినోడే అంది గదా అది... వాళ్లిద్దరూ కొత్తగా సేరినోళ్లు, అదెవరో వాళ్లకి తెల్దు, వాళ్లెవరో దానికీ తెల్దు.”

నాలుగోదాన్ని వేళ్ల మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత నా ముక్కు దగ్గర పెట్టాడు.

“దీని వాసన నీకేటైనా తెలుసా అన్నా?”

ఏడాది దాటినా లవంగం వాసన పోదు.

“తెల్దు లా,” అన్నాను.

వాడు మూడు ముక్కలు ఏరి కవర్లో వేసుకున్నాడు. నాలుగోది బల్ల మీద నా ముందుకి జరిపి, ఎర్రగుడ్డ తీసుకుని మలుపు వైపు నడిచి వెళ్లిపోయాడు.

నాగవల్లి పడిన రాత్రి నా లారీ కిటికీ తెరిచే ఉంది. సిగరెట్టు విసరాలి కదా. “రాజనన్నా... రాజనన్నా, నాను నాగవల్లిని” అంది. రెండుసార్లు అంది. దెయ్యం అనే నమ్మాను. నమ్మాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను... కానీ ఆ గొంతు నాకు తెలుసు.

ఆ ముక్క ఇంకా బల్ల మీదే ఉంది. నేను దాన్ని తియ్యలేకపోతున్నాను.