బయానా, బహానా

"బయానా నేనిచ్చిన సిస్టర్. ఇగ మీకేం ఫికర్ లేదు," అన్నాడు దేవరాజు.

దయాకుమారి కళ్ళు పెద్దవి చేసింది. "బహానా ఇచ్చారా? ఆ మాట మీరే పైకి చెప్పుకుంటారా?"

"చెప్పుకుంటే ఏంది? అందరికీ ఇస్త. ఇయ్యకుంటే నా దందా ఎట్ల నడుస్తది?"

"అయ్యబాబోయ్! ఇంత నిబ్బరంగా ఒప్పుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

తప్పు ఇద్దరిదీ కాదు. ఉమ్ అల్ క్వైన్ ఆసుపత్రిలో పొద్దస్తమానం రోగులతో హిందీ మాట్లాడే నర్సు ఆమె. ఆమెకు బహానా అంటే సాకు. డిచ్‌పల్లి నుంచి వచ్చిన దేవరాజుకు బయానా అంటే, ఇల్లు ఖాయం చేసుకోవడానికి ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. ఆమె ఊరు నర్సాపురంలో దాన్నే బజానా అంటారు. ఈ సంగతి తేలేసరికి, దుబాయ్ చర్చి ఆవరణలో నిలబడ్డ ఆ ఇద్దరి చేతుల్లోనూ చాయ్ చల్లారిపోయింది.

"బజానానా? గదేం మాట? బ్యాండు బజాయించినట్టు!"

"మీది మాత్రం? సాకు చెప్పి సందు చివర మాయమైనట్టు!"

ఆమె నవ్వింది. దేవరాజు పని అక్కడితో అయిపోయింది. కానీ ఏం లాభం? నర్సు కాబట్టి సిస్టర్. చర్చి మనిషి కాబట్టి ఇంకోసారి సిస్టర్. ప్రేమ కథ మొదలవడానికి ఇంతకన్నా దిక్కుమాలిన పిలుపు ఇంకోటి ఉండదు.

దేవరాజు అల్ ఖూజ్‌లో ఒక కంపెనీ గోదాములో స్టోర్‌కీపర్. బిల్డింగు పనులు ఒక్కొక్కటే ఆగిపోతున్న రోజులవి. శుక్రవారం సెలవునాడు చర్చికి వచ్చే తెలుగువాళ్ళకు ఇండియాలో ఇళ్ళు, స్థలాలు కుదిర్చి పెట్టడం అతని రెండో పని. అతనెప్పుడూ పూర్తి ధర పెట్టి కొనడు. బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటాడు. అందులో 'మీ పేరున గాని, మీరు కోరిన వారి పేరున గాని రిజిస్టరు చేయించగలవాడను' అన్న మాట తప్పకుండా పెట్టిస్తాడు. గడువులోగా ఆ అగ్రిమెంట్‌ను కాస్త లాభానికి ఇంకొకరికి మార్చేస్తాడు. అలా ఎంతమందినో ఇంటివాళ్ళను చేశాడు గానీ, తన పేరున పిట్టగూడంత చోటు కూడా ఉంచుకోలేదు.

దయాకుమారిది ఇంకో కథ. ఆమె తల్లి చిట్టెమ్మ మిషన్ హాస్టల్లో వంటమనిషి. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడి నుంచి నర్సింగ్ హాస్టల్‌కు, అక్కడి నుంచి ఉమ్ అల్ క్వైన్ ఆసుపత్రి హాస్టల్‌కు వచ్చింది.

"సెలవులిస్తే అందరూ ఇంటికెళ్ళేవారండి. మేము ఖాళీ హాస్టల్లో ఉండేవాళ్ళం. నాకో గడప కావాలి. పెద్దదేం కాదు. నా పేరున ఉంటే చాలు," అంది మొదటి రోజునే.

అది దొరికేలాగే ఉంది. అల్ ఖూజ్‌లో దేవరాజు క్యాంపులోనే ఉండే క్రేన్ ఆపరేటర్ పెద్దిరాజుది కూడా నర్సాపురమే. అక్కడ బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్నాడు. దేవరాజు బయానా ఇచ్చింది ఆ ఇంటికే. కంపెనీ ఖలాస్ అని ఉద్యోగంలోంచి తీసేసింది. ఇప్పుడు ఇంటి ధర కన్నా బ్యాంకు బాకీ ఎక్కువ.

"మరి బాకీ కన్నా తక్కువకి అమ్మితే బ్యాంకు ఊరుకుంటుందా?" అడిగింది దయాకుమారి.

"ఊకోదు. గందుకే ముందుగాల బ్యాంకునే అడగాలె. వేలం పాడితే ఇంకా తక్కువొస్తదని వాళ్ళకూ ఎరుకే. ఇంతిస్తే చాలు, మిగిలింది మాఫీ అని మేనేజర్ సంతకం పెట్టి రాసియ్యాలె. నోటిమాట నమ్మి పైస గూడ కట్టొద్దు. ఈసీ తీసి, ఇంకెవరి దగ్గరన్న తాకట్టు ఉన్నదా చూడాలె."

"ఇంకా?"

"కొనేటోళ్ళు మాట తప్పితే బయానా పాయె. అమ్మేటోళ్ళు తప్పితే డబల్ జేసి వాపస్ ఇయ్యాలె. ఇచ్చిన్రంటే ఇగ అగ్రిమెంట్ క్యాన్సిల్."

"పాఠం బాగా చెబుతారండీ మాస్టారూ. ఫీజెంత?"

"చాయ్ తాగిపియ్యుండ్రి, చాలు."

అలా మొదలైంది. ప్రతి శుక్రవారం ఉమ్ అల్ క్వైన్ నుంచి ఆసుపత్రి వ్యాను నర్సులను చర్చి దగ్గర దింపేది. అల్ ఖూజ్ నుంచి కంపెనీ పికప్ వెనకాల కూర్చుని దేవరాజు అంతకు ముందే వచ్చి, షర్టు మీద ఇసుక దులుపుకుని, గేటు వైపు చూడనట్టు చూస్తూ ఉండేవాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే తెల్ల చీర కనిపించేది. దేవుడు క్షమించాలి, పాపం.

"బ్యాంకు ఏమందండీ?"

"ఇంక ఏమనలే."

ఆమె నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులో కాస్త దిగులు, మరి కాస్త నెమ్మది. బ్యాంకు సరేనంటే ఇల్లొస్తుంది. శుక్రవారం చాయ్ పోతుంది. తన ఇంటి కోసం ప్రార్థించే మనిషే, ఈ వారానికి వద్దు ప్రభువా అని ఎందుకు అనుకుంటోందో ఆమెకు తెలియకపోలేదు. మిగతా రోజులు వార్డులో ఎవరైనా తెలంగాణ మేస్త్రీ "గట్లనే సిస్టర్" అంటే చాలు, ఆమె చేతిలో థర్మామీటర్ ఆగిపోయేది.

ఒకరోజు మాత్రం పైకి అనేసింది.

"బ్యాంకు ఒప్పుకుంటే నేను ఉద్యోగం మానేసి వెళ్ళిపోతానండి. మా ఊరి మిషన్ ఆసుపత్రిలో రమ్మన్నారు."

దేవరాజు చాయ్ ప్యాంటు మీద ఒలికింది. "మంచిదే," అన్నాడు. ముఖంలో మాత్రం మంచి ఏ కోశానా లేదు.

ఆ తర్వాతి శుక్రవారం కూడా 'బ్యాంకు ఏమనలే'. దాని తర్వాతిదీ అంతే.

చలికాలం చివర్లో దుబాయ్‌లో వాన పడింది. ఎప్పుడో గానీ పడని వాన. రోడ్లకు నీళ్ళు ఎటు పోవాలో తెలియదు. వ్యానులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. చర్చి వసారాలో అందరూ పండగలా నిలబడి చూస్తుంటే, పెద్దిరాజు తడుస్తూ వచ్చాడు, అందరికీ చెప్పి వెళ్దామని. ఎల్లుండే అతని ఫ్లైటు.

"ఏమ్మా, ఇంకా టిక్కెట్టు తీసుకోలేదా? బ్యాంకోళ్ళు ఒప్పేసుకుని మూడు వారాలవుతోంది కదండీ. ఈ నెలాఖరుతో గడువైపోద్ది. తర్వాత వేలమే!" అన్నాడు.

దయాకుమారి ముఖం పాలిపోయింది. వసారా చివర నిలబడ్డ దేవరాజు దగ్గరకు గబగబా నడిచింది.

"ఎవరికి మార్చేశారు నా ఇల్లు?"

"సిస్టర్..."

"సిస్టర్ అనకండి! ఎక్కువిచ్చే వాళ్ళెవరో దొరికారు, అంతేగా? మీ చేతిలో ఏదీ నిలవదని అందరూ అంటూనే ఉన్నారు. నేనే, పిచ్చిదాన్ని, మీ మాట నమ్మి ప్రతి వారం..." చేతి సంచి భుజం మీదికి లాక్కుంది. "హాస్టల్ పిల్లకి గడపెందుకనుకున్నారా?"

"ఎవ్వరికీ మార్చలే. మీ పేరు మీదనే రాయించిన. బ్యాంకు కాగితం ఈ జేబులనే ఉన్నది." జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని మడతలు నలిగిపోయి ఉన్నాయి. "ప్రతి శుక్రవారం ఇద్దామనే తెచ్చిన. మీరు గేటులకెళ్ళి రాంగనే నోరు పెగలకపాయె."

"ఎందుకూ?"

"ఇస్తే పోతరు గద."

దేవరాజు ఖాళీ అయిన జేబు తడుముకున్నాడు.

"మొదటి రోజు మీరు తప్పు విన్నరనుకున్న. తప్పు కాదు. నేనిచ్చింది బహానానే. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అనుకుంట బహానా మీద బహానా. గడువు మాత్రం దాటనియ్యకపోదును, దేవుని తోడు. మీ ఇంటి మీద నాకు లాభం వద్దు. మీరే కావాలె."

దయాకుమారి వానకేసి తిరిగింది. కోపం పోలేదు. పోవడానికి వీల్లేకుండా దాని పక్కనే సంతోషం వచ్చి కూర్చుంది. చేతి సంచి తెరిచి ఒక దిర్హమ్ బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఏందిది?"

"బజానా. మిమ్మల్ని ఖాయం చేసుకుంటున్నా. 'మీరు కోరిన వారి పేరున' అనే మాట ఇందులో ఉండదు, తెలిసిందా? గడువెంత?"

"నా పాస్‌పోర్ట్ కంపెనీల ఉన్నది. ఈస్టర్‌కు ఇడుస్తరు," అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

"అయితే ఈస్టర్."

ఆమె వెళ్ళింది. ఇల్లు ఆమె పేరున రిజిస్టరయింది. గుమ్మం పక్క సన్నజాజి పాకింది. ఈస్టర్ వచ్చింది, అతను రాలేదు. 'ముదీర్, అదే మా మేనేజర్, ఇడుస్తలేడు,' అని ఉత్తరం రాశాడు. 'బహానా?' అని ఒక్క మాట రాసి పోస్టు చేసింది. 'వీసా ఇచ్చిన కఫీల్ ఊర్ల లేడు,' అన్నాడు. మళ్ళీ 'బహానా?' అంది. రాసేటప్పుడు నవ్వేది. పోస్టు డబ్బాలో వేశాక, ఇంటిదాకా నడిచే దారంతా దిగులే. కిటికీ దగ్గర కూర్చుని, తన సొంత గడప కేసి చూస్తూ, దాన్ని దాటి లోపలికి రావాల్సిన మనిషిని తలుచుకునేది. ఇన్నాళ్ళూ ఇల్లుంటే చాలనుకుంది. చాలలేదు.

ఎండలు పోయాయి. నర్సాపురంలో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. తలుపు ఓరగా తీస్తే, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని, నిలువునా తడిసి దేవరాజు!

గుండె ఎగిరిపడింది. అయినా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గడువు దాటిపోయిందండి. అమ్మేవాళ్ళు మాట తప్పితే ఏం చెయ్యాలన్నారు?"

"డబల్ జేసి వాపస్ ఇయ్యాలె."

"ఇవ్వండి మరి."

దేవరాజు జేబులోంచి ఆ దిర్హమ్ బిళ్ళ తీశాడు. ఒకసారి చూసుకుని గుప్పిట మూసేశాడు.

"నేనియ్య."

"అదేంటి?"

"ఇచ్చిన్నంటే అగ్రిమెంట్ క్యాన్సిల్ అయితది. ఇన్నేండ్లల్ల నా చేతికొచ్చినయన్నీ ఇంకొకరికి మార్చేసిన. ఇదొక్కటి మాత్రం, ఏమన్నా అనుకో దయా, నేనియ్య."

దయా అన్నాడు. సిస్టర్ అనలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగి అతను సరిగా కనిపించలేదు.

"ఎవరే అమ్మాయ్? వానలో నిలబెట్టేశావు?" లోపలి నుంచి చిట్టెమ్మ కేకేసింది.

"నా పేరున ఉన్న మనిషేనే అమ్మా," అంటూ దయాకుమారి తలుపు బార్లా తీసింది.